చెబితే వినం, కొలిస్తే నమ్ముతాం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల రైతుకు సలహాలకు కొదవ లేదు. వరి తగ్గించండి, కొత్త బోర్లు వేయకండి, ఆరుతడి పంటలు పెట్టండి అని ప్రతి మీటింగులోనూ చెబుతూనే ఉన్నారు. అందరం తల ఊపుతాం. ఇంటికొచ్చి మళ్లీ బోరు బండికి కబురు పెడతాం. దాంతో రైతు మొండివాడు, ఎంత చెప్పినా మారడు అనే పేరు పడిపోయింది. రైతు మారడన్న మాట అబద్ధం. మనిషిని మార్చేది ఏమిటో చూడకుండా వట్టి మాటలతో మార్చాలనుకోవడంలోనే ఉంది లోపమంతా.

చట్టం మారుస్తుందా అంటే, అదీ చూశాం. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు 'వాల్టా' చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి కావాలన్నారు. నీరు అడుగంటిన గ్రామాల్లో తవ్వకాలు ఆపాలన్నారు. రాసిందాంట్లో తప్పేమీ లేదు. అయినా రాత్రికి రాత్రి బండి వచ్చి, తెల్లారేసరికి బోరు వేసి వెళ్లిపోవడం మనకు తెలియని సంగతా? పట్టుకునే అధికారి ఊళ్లో ఉండడు, ఊళ్లో ఉన్నవాళ్లు పట్టివ్వరు. ఊరు ఒప్పుకోని చట్టం కాగితం మీదే ఉండిపోతుంది.

మరి ఊరు ఎప్పుడు ఒప్పుకుంటుంది? మన పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లాలో దూబగుంటను గుర్తు తెచ్చుకోండి. సారా తాగొద్దని అంతకుముందు ఎంతమంది చెప్పలేదు! ఎవరు విన్నారు? అక్షరాస్యత ఉద్యమంలో పెట్టిన రాత్రి బడిలో ఆడవాళ్లు సీతమ్మ కథ అనే పాఠం చదివారు. తాగుబోతు మొగుడితో ఒక ఆడమనిషి పడిన పాట్లే ఆ కథ. చదివిన ప్రతి ఆమెకూ అది తన ఇంటి కథలాగే కనిపించింది. ఒక్కరుగా ఏడ్చుకునేవాళ్లు నలుగురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. 1992లో ఊరూరా సారా అంగళ్లు మూయించారు, వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ముందు ఆడవాళ్లు కదిలారు, చట్టం వాళ్ల వెనకాల వచ్చింది. 1995 జనవరిలో తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు. పై నుంచి ఇచ్చింది పై నుంచే పోతుందని ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది.

నీళ్ల విషయంలోనూ ఇలాంటి పని ఒకటి జరిగింది. 2003లో మొదలై ఆ దశాబ్దం చివరిదాకా, నెదర్లాండ్స్ సాయంతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో, రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. కరువు పీడిత జిల్లాలు ఏడింటిలో, 600కు పైగా గ్రామాల్లో సాగింది. ఆ ఏడింటిలో ప్రకాశం ఒకటి. అందులో రైతుకు డబ్బు ఆశ చూపలేదు, వరి వేయొద్దని ఆంక్ష పెట్టలేదు. కొలవడం నేర్పారు, అంతే. వాన ఎంత పడిందో రైతులే కొలిచారు. బావుల్లో నీటిమట్టం పదిహేను రోజులకోసారి చూశారు. ఆ లెక్కలు అందరికీ కనపడేలా ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, మనం వేయాలనుకున్న పంటలకు కావలసిందెంత అని కూడికలు తీసివేతలు చేశారు. లోటు ఎంతో తెలిశాక ఎవరి నిర్ణయం వారిదే. అందరూ మారలేదు. అయినా చాలా ఊళ్లలో వరి తగ్గి, తక్కువ నీటి పంటలు పెరిగాయని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా రాసింది.

బోర్డు మీద నాలుగు అంకెలు రాస్తే ఇంత పని ఎట్లా జరిగింది? మన బాధ మనకు తెలుసు: "నేను ఆపితే పక్కవాడు లాగేస్తాడు, నేనెందుకు ఆపాలి?" భూమిలో నీరు ఎవరికీ కనపడదు కాబట్టి ఎవరికి వారు ఇంకా లోతుకు పోతారు. అన్న 400 అడుగులు వేస్తే తమ్ముడు 600 వేస్తాడు. చివరికి ఇద్దరి బోర్లూ ఎండుతాయి, ఇద్దరికీ అప్పే మిగులుతుంది. మట్టం బోర్డు మీదికి ఎక్కితే దాపరికం పోతుంది. ఆ లెక్క బయటివాడు చెప్పింది కాదు, మనవాడే కొలిచింది. అందులో ఎవరినీ తప్పు పట్టలేదు. పక్కవాడూ అదే చూస్తున్నాడన్న ధైర్యం ఉంటుంది. నలుగురితో నారాయణా అన్నట్టు, ఒక్కడుగా చేయలేనిది నలుగురితో కలిసి చేయవచ్చు.

చిన్న రైతు కష్టం మరచి మాట్లాడటం లేదు. అప్పిచ్చిన వ్యాపారి ఏ పంట వేయమంటే ఆ పంట వేయక తప్పనివాళ్లున్నారు. కౌలు రైతుకు తన మాట చెల్లదు. రెండెకరాల ఆసామి ఒక్క ఏడు దెబ్బతిన్నా కోలుకోలేడు. వీళ్లను ఒక్కసారిగా మారిపొమ్మనడం అన్యాయం. పావు ఎకరంలో చేసి చూడమనండి. పక్క చేలో కంది, శనగ గట్టెక్కడం కళ్లారా చూస్తే వచ్చే ఏడు ఎవరూ చెప్పకుండానే వేస్తారు. ఊళ్లో కాస్త తట్టుకోగల ఆసామి ముందడుగు వేయడం న్యాయం.

కొలవడానికి పథకం కోసం ఎదురుచూడక్కర లేదు. 200 లీటర్ల డ్రమ్ము, చేతి గడియారం చాలు. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే మీ బోరు గంటకు 7,200 లీటర్లు ఇస్తున్నట్టు. కార్తీకంలో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, శివరాత్రికి ఒకసారి పట్టి రాసిపెట్టండి. అదే డ్రమ్ము 200 సెకన్లు తీసుకుంటే బోరు సగానికి వచ్చినట్టే. ఇక వేసవి పైరు పెట్టాలా వద్దా అన్నది ఎవరూ చెప్పక్కర లేదు. వాన లెక్క కూడా అంతే. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు.

దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకోవడానికి పలకలు పంపిన ప్రాంతం మనది. ఇప్పుడు ఊరికో పలక మనకోసం కావాలి. రచ్చబండ దగ్గరో, పాలకేంద్రం గోడ మీదో నల్లరంగు పూసి, ఊళ్లో అయిదు బోర్ల లెక్క రాయించండి. ఇంటర్ చదివే పిల్లలున్నారు, వాళ్ల చేత రాయించండి. రబీ విత్తనం కొనకముందే ఆ గోడ ముందు ఒక సాయంత్రం కూర్చోండి. ఆడవాళ్లను కూడా పిలవండి. బోరు ఎండితే బిందె పట్టుకుని నడిచేది వాళ్లే.