చరణం దగ్గర ఆగిపోయిన పాట

మూడేళ్ళ కిందట గాజువాకలో మార్చి 8 సభ. వక్తలు ఇంకా రాలేదు. మైకు ఖాళీగా ఉంది. నిర్వాహకుల్లో ఒకరు ముందు వరసలో కూర్చున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళి "మీరు బాగా పాడతారటగా, వాళ్ళొచ్చేదాకా ఓ పాట పాడండి మేడమ్" అన్నారు. ఆవిడకి అరవై దగ్గర పడుతున్నాయి. భర్త ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. పెళ్ళికి ముందు విజయనగరంలో తొమ్మిదేళ్ళు సంగీతం నేర్చుకుంది. మొహమాటపడుతూనే లేచింది. పల్లవి, అనుపల్లవి హాయిగా సాగాయి. చరణం దగ్గర ఆగిపోయింది. పల్లవి మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. "మర్చిపోయానమ్మా, ఏమనుకోకండి" అని నవ్వేసి కూర్చుంది. అందరం చప్పట్లు కొట్టాం. వక్తలొచ్చారు. స్త్రీల హక్కుల గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాం.

సభ అయ్యాక బస్సు కోసం నిలబడి ఉండగా ఆవిడ అంది: "రోజూ అరగంట కూర్చుని ఉంటే ఇలా అయ్యేది కాదు. నా బద్ధకమే." ముప్పై ఏళ్ళు మూడు షిఫ్టుల మనిషికి వేళాపాళా లేకుండా క్యారేజీ కట్టి, ఇద్దరు పిల్లల్ని పెంచి, మంచంపట్టిన అత్తగారికి ఏడేళ్ళు చాకిరీ చేసిన మనిషి తనని తాను బద్ధకస్తురాలిననుకుంటోంది. ఆ రోజు సభలో మేం మాట్లాడవలసింది ఆ ఒక్క మాట గురించేనని తర్వాత అనిపించింది.

పాట నేర్చుకోవడం వేరు, పాడమన్నప్పుడు పాడగలిగేలా దాన్ని నిలుపుకోవడం వేరు. సంగీతం వచ్చిన వాళ్ళకిది తెలిసిన సంగతే. ముప్పావుగంట కచేరీకి ఒక వర్ణం, రెండు మూడు చిన్న కృతులు, విస్తరించి పాడడానికి ఒక పెద్ద కృతి, చివర్లో ఒక జావళో తిల్లానానో కావాలి. రాగాలు, తాళాలు పక్కపక్కన ఒకటే రాకుండా చూసుకోవాలి. అంటే ఆరు పాటలు పాడాలంటే పన్నెండైనా నోట్లో నానుతుండాలి. నోటుపుస్తకంలో వంద కృతులు రాసి ఉన్నంత మాత్రాన లాభం లేదు. నెలరోజులు ముట్టకపోతే సాహిత్యం జారిపోతుంది. ఆర్నెల్లు ముట్టకపోతే సంగతులు పోతాయి. పైగా వయసుతో గొంతు మారుతుంది. పదిహేనో ఏట అయిదో శ్రుతిలో పాడిన అమ్మాయికి యాభై ఏళ్ళు దాటాక, నెలసరి ఆగాక, గొంతు కిందికి దిగుతుంది. పాటలన్నీ కొత్త శ్రుతిలో మళ్ళీ కూర్చుకోవాలి. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో చాలామంది తమ గొంతు 'పోయింది' అనుకుని పాడటమే మానేస్తున్నారు.

ఇదంతా పని. ఏ రోజుకారోజు చెయ్యవలసిన పని. దానికి వేళ కావాలి, తలుపు వేసుకోవడానికి ఒక గది కావాలి, తప్పు పట్టి చెప్పే ఒక జత చెవులు కావాలి, ఫలానా రోజున పాడాలి అన్న పిలుపు కావాలి. ఈ నాలుగూ ఆడవాళ్ళకి ఎక్కడ దొరుకుతాయి?

వేళ సంగతి చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే చేసింది. అప్పటికి జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు అందుకోసం రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు పెట్టేవారు. ఇంటిపని చేసే పురుషులు పెట్టినది 97 నిమిషాలు. 'చేసే' అన్న మాట మరిచిపోకూడదు. స్త్రీలలో నూటికి ఎనభై మంది పైగా ఆ పని చేస్తుంటే, పురుషుల్లో చేసేవాళ్ళు నూటికి ఇరవై ఆరుగురు. దాదాపు అయిదు గంటల ఇంటిచాకిరీ తర్వాత మిగిలే అరగంట, పావుగంట ముక్కలకి 'తీరిక' అని పేరు పెట్టాం. కూరగాయలు తరుగుతూ కూనిరాగం తీయవచ్చు గాని, కుక్కర్ మూడో కూత కోసం ఒక చెవి పారేసి కల్పనస్వరం వెయ్యడం కుదరదు.

ఇక మన ఊరి సంగతి. విశాఖలో చాలా కుటుంబాలు షిఫ్టు గంటల మీద బతుకుతాయి. ఉక్కునగరం క్వార్టర్లలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన మగమనిషి పగలు నిద్రపోతాడు. నిద్ర అతనికి అవసరమే, కొలిమి దగ్గర పనిచేసేవాడికి నిద్ర లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ అతను ఇంట్లో లేని రాత్రివేళ పాడితే పక్క క్వార్టరు వాళ్ళు గోడ కొడతారు, ఉన్న పగటివేళ పాడకూడదు. వచ్చేవారం షిఫ్టు మారుతుంది, ఇల్లాలి వేళలన్నీ దాంతోపాటు మారతాయి. ఒకే వేళకి రోజూ కూర్చోవడమే సాధన అని గురువులు చెబుతారు. తన వేళ తన చేతిలో లేని మనిషి ఆ మాటను ఎలా పాటించాలి? నేను మాట్లాడిన వాళ్ళలో ఒకామె వంటింటి తలుపు వేసుకుని, సెల్‌ఫోన్‌లో తంబురా శ్రుతి సన్నగా పెట్టుకుని గొంతు లోపలే పాడుకునేది. పదేళ్ళు అలా పాడాక గొంతు విప్పి పాడటమే రాకుండా పోయిందని చెప్పింది.

ఇక్కడ శ్రీపాద పినాకపాణిగారిని తలుచుకోవాలి. 1913లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, మన ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, వైద్యాన్ని వృత్తిగా చేసుకుని, ప్రొఫెసరుగా పనిచేసి, ఆ వృత్తి పక్కనే వందలాది కృతులను నిలబెట్టుకున్నారు. వాటిని స్వరపరిచి గ్రంథాలుగా ఇచ్చారు. నేదునూరి కృష్ణమూర్తిగారి వంటి శిష్యుల్ని తయారుచేశారు. వృత్తి వేరైనా సంగీతంలో ఎంత ఎత్తుకు వెళ్ళవచ్చో ఆయన జీవితం చెబుతుంది. ఆ కృషిని తక్కువ చెయ్యడానికి కాదు నేనీ మాట అంటున్నది. నా ప్రశ్న ఆయన గురించి కాదు, మన గురించి. పగలు ఆసుపత్రిలోనో బడిలోనో పనిచేసి, ఇంటికొచ్చి గంటలకొద్దీ తంబురా ముందు కూర్చునే ఒక డాక్టరమ్మను, ఒక టీచరమ్మను మనం ఏమంటాం? మగవాడు ఉద్యోగం చేస్తూ పాడితే 'వ్యాసంగం'. ఆడది పాడితే 'కాలక్షేపం'. హరికథకి కూడా కాలక్షేపమనే పేరుంది, అక్కడ ఆ మాటకి గౌరవం ఉంది. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి అదే మాట పనిలేనితనంగా మారిపోతుంది.

అసలు ఆడపిల్లలకి సంగీతం ఎందుకు నేర్పించారో కూడా గుర్తుచేసుకోవాలి. పెళ్ళిచూపుల్లో ఒక పాట పాడటానికి. ఆ ఒక్క పరీక్ష గట్టెక్కాక ఆ చదువుతో పనిలేదు. డిగ్రీ కాగితంలా బీరువాలోకి పోతుంది. ఈ 'కుటుంబ సంగీతం' వెనక ఇంకో చరిత్ర ఉంది. కోస్తా జిల్లాల్లో పాటను వృత్తిగా, జీవనంగా నిలుపుకున్న స్త్రీలు కళావంతులు. పదాలు, జావళీలు, వర్ణాలు ఎప్పుడడిగితే అప్పుడు పాడగలిగేలా పుష్కలంగా దాచుకున్నది వాళ్ళు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. దోపిడీని ఆపడానికి చట్టం అవసరమే, కాదనను. కానీ సంస్కరణ పేరుతో ఆ స్త్రీల కళ మీద కూడా అవమానపు ముద్ర వేశారు. దానికి ఒక ఏడాది ముందే, 1946లో, వల్లభ్‌భాయ్ పటేల్ ప్రసార శాఖ చూస్తున్న రోజుల్లో, వ్యక్తిగత జీవితం అపఖ్యాతి పాలైనవాళ్ళు రేడియోలో పాడకూడదని నిబంధన పెట్టారు. అది ఎవరిని ఉద్దేశించిందో చెప్పనక్కరలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1920లలో తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించారు. అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే, స్త్రీలను కూడగట్టి వేరే ఆరాధన నడిపారు. ఈనాడు మన ఊళ్ళో ఆరాధన గోష్ఠిలో కూర్చుని పాడే ప్రతి స్త్రీ ఆమెకి రుణపడి ఉంది.

2012లో వచ్చిన 'అన్‌ఫినిష్డ్ జెస్చర్స్' అన్న పుస్తకంలో దావేశ్ సోనేజీ గోదావరి ప్రాంతపు కళావంతుల కుటుంబాల స్త్రీల గురించి రాశారు. బయట పాడే దారి మూసుకుపోయాక వాళ్ళు ఇంట్లో తలుపులు వేసుకుని, తమ పాటల్ని తమలో తాము పాడుకుంటూ నిలుపుకున్నారు. వినేవాళ్ళు లేకపోయినా పాటని విడిచిపెట్టలేదు. పాట పోతే తాము ఎవరన్నదీ పోతుందని వాళ్ళకి తెలుసు. ఒకరి నుంచి పాటను లాక్కుని, ఇంకొకరికి పెళ్ళిదాకా అప్పిచ్చి వెనక్కి తీసుకున్న వ్యవస్థ ఒక్కటే. కులం వేరైనప్పుడు పద్ధతి వేరయింది, అంతే.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. 'పాడటం వచ్చిన స్త్రీ' అనగానే మనకి కర్ణాటక సంగీతమే గుర్తుకొస్తోంది. ఊడుపుల్లో, పెళ్ళి పందిళ్ళలో తెల్లవార్లూ పాడగలిగిన మన ఉత్తరాంధ్ర స్త్రీలకి నోటుపుస్తకం లేకుండానే వందల పాటలు వచ్చు. వాళ్ళ పాట పొలంలో పనితోపాటు ఉండేది కాబట్టి నిలిచింది. పొలం పోయినప్పుడు పాడే చోటూ పోయింది. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళకి భూమికి ఇంత అని లెక్క కట్టారు గాని, ఆ పొలం గట్ల మీద బతికిన పాటకి లెక్క ఎవరు కట్టారు?

"అత్యాచారాలు, వరకట్నపు చావులు, కాంట్రాక్టు కూలీల జీతాలు ఉండగా ఇదొక సమస్యా?" అని మనలోనే కొందరు అంటారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ స్త్రీల మీద సాగే అన్ని రకాల వివక్షనూ నిర్మూలించడానికి ఐక్యరాజ్యసమితి 1979లో చేసిన ఒప్పందం పదమూడో అధికరణంలో, కుటుంబ భృతులు, బ్యాంకు రుణాల పక్కనే, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కునూ చేర్చారు. మన దేశం 1993లో దాన్ని ఆమోదించింది. ఆ హక్కు అలంకారం కాదు. రోజుకు ఒక గంట నాది, ఆ గంటలో నన్నెవరూ పిలవకూడదు అని ఇంట్లో అనగలిగిన స్త్రీ మిగతా విషయాల్లోనూ కాదనడం నేర్చుకుంటుంది. ఆ గంటే అడగలేనివాళ్ళు ఆస్తిలో వాటా ఎలా అడుగుతారు?

నాకు తెలిసిన ఒక చిన్న బృందం చేస్తున్న పని చెబుతాను. ఏడుగురు. అందరూ నలభై అయిదు దాటినవాళ్ళే. వారానికి ఒక మధ్యాహ్నం ఒకరింట్లో కలుస్తారు. ప్రతి ఒక్కరి పుస్తకం చివరి పేజీలో మూడు గడులున్నాయి: ఇప్పుడే పాడగలిగేవి, రెండు రోజులు చూసుకుంటే పాడగలిగేవి, మరిచిపోయినవి. ప్రతివారం పాతవాటిలో రెండు, పుస్తకం చూడకుండా, మిగతావాళ్ళ ముందు నిలబడి పాడాలి. ఒక్కోసారి చరణంతోనే మొదలుపెట్టిస్తారు, ఎక్కువమంది జారేది అక్కడే కాబట్టి. మధ్యలో మరిచిపోతే ఆపకూడదు, పల్లవి అందుకుని తాళం తప్పకుండా ముందుకు పోవాలి. మొదటి గడిలో పన్నెండు నిలిచేదాకా కొత్త పాట ఎత్తుకోరు. వీళ్ళలో ఎవరికీ విద్వాంసులం కావాలన్న ఆశ లేదు. ఏ రోజు పిలిచినా ముప్పావుగంట తడబడకుండా పాడాలి, అంతే. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో ఎవరింట్లో కలవాలన్నదే వాళ్ళకి ఇప్పటికీ పెద్ద చిక్కు.

ఈ చిక్కు తీర్చడానికి మన సంఘాలు చెయ్యగలిగింది ఉంది. మన కార్యాలయాలు సాయంత్రాలు తాళం వేసి ఉంటున్నాయి. వారానికి రెండు పూటలు ఆ గదిని పాడుకునేవాళ్ళకి ఇద్దాం. పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెడదాం. మన సభల్లో పాటను వక్తలు వచ్చేదాకా ఖాళీ పూడ్చే సరుకుగా వాడటం మానేద్దాం. ఆహ్వాన పత్రికలో పాడేవాళ్ళ పేరు, వాళ్ళకిచ్చిన సమయం వేద్దాం, ఆటో ఖర్చులైనా ఇద్దాం, పక్కవాద్యం ఏర్పాటు చేద్దాం. ఊడుపు పాట పాడే ఆమెకీ, కృతి పాడే ఆమెకీ ఒకే వేదిక, ఒకే గౌరవం ఇద్దాం. ఉద్యోగుల వినోద క్లబ్బుల్లో, కళావేదికల్లో ఇళ్ళలో ఉండే స్త్రీలకి కూడా సాధన చేసుకునే గది కావాలని యాజమాన్యాలనీ, కార్మిక సంఘాలనీ అడుగుదాం.

గాజువాక సభలో ఆగిపోయినావిడ ఇప్పుడు ఆ బృందంలో ఉంది. మొన్న ఫోన్ చేసి, తన మొదటి గడిలో తొమ్మిది పాటలయ్యాయని చెప్పింది. వచ్చే మార్చి 8కి ముప్పావుగంట ఇస్తారా అని అడిగింది. ఇస్తామనే చెప్పాను. కానీ కార్యక్రమం ఖరారు చేసేది నేనొక్కదాన్నీ కాదు. ఈ వ్యాసం చదివే నిర్వాహకులకి నా విన్నపం ఒకటే. వక్తల జాబితా రాసే ముందు ఆ ముప్పావుగంట రాయండి.