మెడలోని బిళ్ళలు

పత్తితీతలు, మిరపకోతలు సాగు దినములలో మన పల్లెలందెవరికిని తీరిక యుండదు. మెడమీద చిన్న గడ్డ లేచినను, నొప్పి లేదు గదాయని, కాయ గుంటూరు యార్డుకు చేరువరకు దానిని మరచిపోవుట పరిపాటి. నొప్పి లేకుండుటయే ఇందలి మోసము. థైరాయిడు గ్రంథియందు పుట్టు క్యాన్సరు చాలకాలము బాధ నెరుగనీయదు.

ప్రజలను భయపెట్టుట మా యుద్దేశము కాదు. ఈ క్యాన్సరులో నూటికి 80కి మించి పాపిల్లరీ యను జాతికి చెందినవి. అది మెల్లగా పెరుగునది. సకాలమున చికిత్స పొందినవారిలో అత్యధికులు దీర్ఘాయుష్కులగుచున్నారు. అయినను దానికొక దుర్గుణము గలదు. అది మెడలోని శోషరస గ్రంథులకు, అనగా మనవారు బిళ్ళలను వానికి, ప్రాకును. మొదట శ్వాసనాళము చెంతనున్న బిళ్ళలకును, పిదప మెడ ప్రక్కలనున్న వానికిని పోవుట సామాన్య క్రమము. గ్రంథి పైకొనయందు పుట్టిన గడ్డ ఒక్కొక్కప్పుడు మధ్యబిళ్ళలను విడిచి తిన్నగా ప్రక్కలకే దాటును.

ఎవరికిట్లు ప్రాకుట కెక్కువ యవకాశము? ఇచట వింతయొకటి గలదు. వ్యాధి పురుషులకంటె స్త్రీలకు సుమారు మూడురెట్లు వచ్చును. కాని వచ్చిన పిమ్మట బిళ్ళలకు ప్రాకుట పురుషులలోనే అధికము. పిల్లలలోను, యువకులలోను మరింత తరచు. అట్లని యువకుని ప్రాణమున కంత ముప్పు లేదు. 55 యేండ్లు దాటినవానికి అదే బిళ్ళ గడ్డు సమస్య. గడ్డ ఒక సెంటీమీటరును మించినను, గ్రంథిలో పెక్కుచోట్ల మొలచినను, గ్రంథిపొరను చీల్చుకొని వెలికి వచ్చినను వైద్యుడు మెడయంతయు శోధింపవలసినదే. పైరుమందుల వలననే ఇదంతయు వచ్చినదని రచ్చబండలకడ వినవచ్చు మాటకు ఇంకను గట్టి నిదర్శనము లేదు. బాల్యమున మెడకు సోకిన రేడియోధార్మిక కిరణముల దోషము మాత్రము నిశ్చితము. 1986లో చెర్నోబిల్ ప్రమాదము తరువాత అచటి పిల్లల కేమైనదో లోకమెరుగును.

మన దేశమున వేరొక చిక్కు గలదు. మెడను బిళ్ళకట్టిన తోడనే గండమాల యనుకొందురు. క్షయవలన బిళ్ళలుబ్బుట మనకు సామాన్యమగుటచే ఆ యూహ తప్పు కాదు. కాని సన్నని సూదితో పరీక్షింపకయే నెలల తరబడి క్షయమందులు మ్రింగించుట క్షమింపరానిది. ఆ పరీక్షకు పట్టునది కొన్ని నిమిషములు మాత్రమే.

ఇక శస్త్రచికిత్స. గడ్డను మాత్రము కోసి, తీసిన ముక్కనైన పరీక్షకు పంపక రోగిని ఇంటికి సాగనంపు చిన్న ఆసుపత్రులు మన పట్టణములలో లేకపోలేదు. కోతకు ముందు మెడ కిరుప్రక్కల అల్ట్రాసౌండు చేసి బిళ్ళలను చూచినచో, చేయవలసినదంతయు ఒక్కమారే చేయవచ్చును. అది లేనిచో రెండవ కోత తప్పకపోవచ్చు. మచ్చకట్టిన మెడలో రెండవమారు కత్తి పెట్టిన, కంఠస్వరమును నడపు నరమునకును, రక్తములోని కాల్షియమును కాపాడు చిరుగ్రంథులకును ముప్పు హెచ్చు. మధ్యతరగతి రైతు కది మరియొక తాకట్టు కూడను.

అట్లని ఊరూర అందరి మెడలకును యంత్రము పెట్టుమని మేము కోరుట లేదు. దక్షిణ కొరియాలో అట్లు చేయగా 1993 మొదలు 2011 వరకు ఈ వ్యాధి లెక్క 15 రెట్లయ్యెను. మరణములు మాత్రము తగ్గలేదు. అక్కరలేని కోతలే మిగిలెను. గడ్డ కనబడినవారికి, గొంతు బొంగురుపోయినవారికి చేసిన చాలును.

1946లో వెలసిన గుంటూరు వైద్యకళాశాలయు, 2018లో స్థాపితమైన మంగళగిరి అఖిలభారత వైద్యసంస్థయు మనకు చేరువనే యున్నవి. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యను పేర సాగుచున్న పథకము కోతకు డబ్బిచ్చుచున్నది. ఇచ్చుటకు ముందు సూది పరీక్ష, మెడ అల్ట్రాసౌండు నివేదికలను ప్రభుత్వమడుగవలెను. తీసిన బిళ్ళలెన్ని, వానిలో వ్యాధి సోకినవెన్ని యను లెక్కను తెలుగున వ్రాసి రోగి చేతి కీయవలెను.