ఆనాడు వేయించని టీకా, నేడు పెళ్ళీడుకొచ్చిన బిడ్డలు

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలలు నిండిన శిశువులు మొదలుకొని 15 ఏళ్ళలోపు బాలబాలికలందరికీ తట్టు, రుబెల్లా టీకా వేశారు. అంతకు ముందు ఫిబ్రవరిలోనే తమిళనాడులో ఆ కార్యక్రమం మొదలైంది. దానితోపాటే వదంతులూ మొదలయ్యాయి. పాకాల నుంచి కాట్పాడికి రైలుంది, వేలూరులోనూ ఆంబూరులోనూ మనకు చుట్టాలున్నారు. ఆ మాటలు మన వీధులకు చేరడానికి ఎంతసేపు? ఆడపిల్లలకు సంతానం లేకుండా చేసే సూది అని ఫోన్లలో వచ్చిన కబురును మేమూ చదివాము. ఉద్యోగజీవితమంతా కాగితం మీద సంతకం ఎవరిదని అడిగిన మేము, ఆ కబురు రాసినది ఎవరని మాత్రం అడగలేదు. టీకా రోజున మనవరాలిని బడికి పంపలేదు. అప్పుడు పదేళ్ళున్న ఆ బిడ్డకు ఇప్పుడు సంబంధాలు వస్తున్నాయి.

పిల్లలకు రుబెల్లా పెద్ద జబ్బేమీ కాదు. కాస్త జ్వరం, మూడు రోజుల దద్దురు, చెవుల వెనుక బిళ్ళలు. సగం మందిలో అవీ కనిపించకపోవచ్చు. అయితే తల్లికి గర్భం దాల్చిన తొలి 12 వారాలలో సోకితే, బిడ్డకు హాని జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. గర్భం నిలవకపోవచ్చు, నిలిచినా కంటిశుక్లం, చెవుడు, గుండెలోపం. సోకిన తరువాత మందు లేదు. 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్, శుక్లాలతో పుట్టిన పసికందుల తల్లులను విచారించి ఈ సంబంధాన్ని బయటపెట్టారు. మన ఇళ్ళలో ఇంకా గ్రహణం నీడ అనీ, కోడలి నసీబు అనీ అంటున్నాము.

టీకాలో పంది జెలటిన్ ఉందనే సందేహం ఎగతాళి చేయదగినది కాదు. ఇండోనేషియా ఉలమా మండలి 2018 ఆగస్టులో, పుణేలోని సీరం సంస్థ తయారుచేసిన ఈ టీకానే పరిశీలించింది. తయారీలో పంది సంబంధ పదార్థం వాడారని చెబుతూనే, అనివార్య అవసరం దృష్ట్యా వేయించుకోవచ్చునని ఫత్వా ఇచ్చింది. ఏదీ దాచకుండా చెప్పినందుకే ఆ మాట మాకు నమ్మదగినదిగా తోచింది.

కనుక తల్లిదండ్రులు నిఖా తేదీ పెట్టుకొనే ముందు బిడ్డ టీకా కార్డు వెదకాలి. 2002 ఆగస్టుకు ముందు పుట్టినవారికి ఆనాటి కార్యక్రమం వర్తించనే లేదు. కార్డు లేకుంటే రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు, లేదా నేరుగా టీకాయే వేయించవచ్చు. ఇదివరకు వేసి ఉన్నా మళ్ళీ వేస్తే నష్టం లేదు. గర్భిణులకు వేయరాదు, వేసిన తరువాత నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. అందుకే నిఖాకు నెల ముందే ఆ పని ముగించడం మేలు. మా మనవరాలికి ఆలస్యంగానైనా వేయించాము.

పసిపిల్లలకు 9-12 నెలల మధ్య ఒకటి, 16-24 నెలల మధ్య మరొకటి ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. పెళ్ళీడు యువతులకు ఆ పట్టికలో చోటు లేదు. సొంత డబ్బుతో వేయించుకోవాలంటే బీడీలు చుట్టే ఇల్లు, తోపుడుబండి నడిపే ఇల్లు ఎలా భరిస్తాయి? వారికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా వేయాలని మనం అడగాలి. అడిగేటప్పుడు చేతిలో పేర్లుండాలి. మస్జిద్ కమిటీలు జుమా రోజున ప్రకటిస్తే, పాకాలలో ఇంటింటికీ తిరిగి ఆ జాబితా రాసే పని మేము చేస్తాము.