స్త్రీలకు పిస్తోలు తగునా?



ఈ మాసమున మన శీర్షికలో పిస్తోలును గూర్చి వ్రాయుచున్నాను. గృహిణుల పత్రికలో ఇదేమి ప్రసంగమని ముక్కుపై వ్రేలు వేసికొనకుడు. నన్నీ ప్రశ్న అడిగినవారు ఒకరిద్దరు కారు. మా జక్రాన్‌పల్లి, ఆర్మూరు ప్రాంతమున మగవారు గల్ఫు దేశములకు పోయి సంవత్సరములకొలది అచ్చటనే యుండుట మీరెరుగుదురు. చేను, పసుపు, పిల్లలు, ముసలివారు, సమస్తమును ఇల్లాలి తలపైననే. పసుపు అమ్మిన దినములలో ఇంట రొక్కము కూడ నుండును. అట్టి యొక సోదరి యడిగిన మాట యిది: "అక్కా, మా ఆయన దుబాయిల ఉన్నడు. రాత్రి తలుపు సప్పుడైతె పాణం గుబగుబ అంటది. సంచిల పెట్టుకునే పిస్తోలు ఒకటి కొంటె ఎట్లుంటది?" నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదిది.

2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున, నడచుచున్న బస్సులో ఒక విద్యార్థినికి జరిగిన ఘోరము దేశమునంతటిని కదలించెను. పత్రికలు ఆమెకిచ్చిన 'నిర్భయ' యను పేరునకు పర్యాయముగా 'నిర్భీక్' అను రివాల్వరును కాన్పూరులోని ప్రభుత్వాయుధ కర్మాగారము 2014 జనవరిలో వెలువరించెను. అది .32 బోరుది, తూకము సుమారు అరకిలో, టైటానియము కలిసిన లోహము. స్త్రీల సంచిలో నిముడునని చెప్పి, నగల పెట్టెవంటి మెరూను రంగు పెట్టెలో నుంచి విక్రయించిరి. నాటి వెల సుమారు 1,22,000 రూపాయలు. స్త్రీకి ఏ వస్తువు నమ్మవలసినను దానికి నగవేషము వేయవలయునని తలచినవారి బుద్ధికి నమస్కారము! ఆ వెల పెట్టగల యింటి గోడలు ఎత్తుగనే యుండును. తెల్లవారకముందే పసుపు త్రవ్వుటకు చేనికి పోవు కూలి స్త్రీకి ఆ పెట్టె యెన్నటికి నందును?

సత్యభామ నరకునిపై విల్లెక్కుపెట్టలేదా యని కొందరు వాదింతురు. మన తెలంగాణముననే 1946-51 నాటి సాయుధ పోరాటమున మల్లు స్వరాజ్యం తుపాకి పట్టలేదా యనియు అడుగుదురు. పట్టిరి, వారి ధైర్యమునకు చేతులు మోడ్చుచున్నాను. కాని సత్యభామ చెంత కృష్ణుడుండెను. స్వరాజ్యం వెంట దళముండెను. వారిరువురకును శత్రువెవరో ముందుగనే తెలియును. మన దినదిన భయములకు సరిపోలునది విరాటపర్వము. ద్రౌపదిని పీడించిన కీచకుడు చీకటిలో దారికాచిన దొంగ కాడు. ఆమె కొలువున్న రాణికి స్వయముగా తమ్ముడు. మద్యము తెమ్మను నెపమున ఆమెను వాని యింటికి పంపినది సుధేష్ణయే. నిండుసభలో మొరపెట్టుకొన్నను విరాటరాజు ఆదుకొనడాయెను.

జాతీయ నేర గణాంక సంస్థ యేటేట ప్రకటించు లెక్కలు ఆ కథనే చెప్పుచున్నవి. అత్యాచారపు కేసులలో నూటికి తొంబదికి పైగా నిందితుడు బాధితురాలు ఎరిగినవాడే: బంధువో, పొరుగువాడో, స్నేహితుడో, పనియిచ్చువాడో. స్త్రీలపై జరుగు నేరములలో అన్నిటికంటె పెద్ద భాగము భర్తయు అత్తింటివారును పెట్టు హింస. బావగారు గదిలోనికి వచ్చినప్పుడు సంచి తెరచి తుపాకి తీయు కోడలెవరు? పోనీ, ఇంట నున్న తుపాకి ముందుగా ఎవరి చేతి కందును? త్రాగివచ్చిన మగని చేతికా, అలిగిన కొడుకు చేతికా, ఆటబొమ్మ యనుకొన్న పసివాని చేతికా? తుపాకి యున్నదన్న వార్తయే ప్రమాదమును పిలుచుట గూడ గలదు. నక్సలైట్ల కాలమున దొరల యిండ్లలోని లైసెన్సు తుపాకులకై దళములు ఆ గడపలు త్రొక్కెడివి.

కావున ఆ సోదరికి నేను మొదట చెప్పినది ఇది. పసుపు సొమ్మును రొక్కముగా తీసికొనక బ్యాంకు ఖాతాలో వేయించుకొనుము. తలుపునకు లోగడియయు, వాకిట దీపమును పెట్టించుము. పిలిచిన పలుకు పొరుగింటితో ముందుగనే మాట చేసికొనుము. 112 అను సంఖ్యకు ఫోను చేయుట పిల్లలకు గూడ నేర్పుము. రాష్ట్రమున 2014 నుండి షీ టీములు పనిచేయుచున్నవి. పెప్పరు స్ప్రే సీసాకు లైసెన్సు అక్కరలేదు; గాలి ఎదురుగా వీచుచున్నప్పుడు చిమ్మిన మన కండ్లే మండునని మాత్రము గుర్తుంచుకొనవలెను. ఇవి యన్నియు కూడి గూడ రివాల్వరు వెలలో వందవవంతు కావు.

ఇంత చెప్పినను, నిజముగా ప్రాణభయము గల స్త్రీలు లేకపోలేదు. సాక్ష్యము చెప్పి పగ తెచ్చుకొన్నవారు, భూమి తగాదాలలో బెదరింపులు పొందినవారు గలరు. వారికి వలదనుటకు నేనెవరిని? 1959 నాటి ఆయుధ చట్టము స్త్రీకి పురుషునకు ఒక్కటే. ఇరువదియొక యేండ్లు నిండవలెను. పోలీసు విచారణ జరుగును. 2016 నాటి నియమములచే భద్రతా శిక్షణ పత్రము గూడ కావలయును. 9 ఎం.ఎం. పిస్తోలు సామాన్యులకు నిషిద్ధము. చాటుగా అమ్ము నాటు తపంచాల జోలికి పోకుడు; జైలు మాట అటుండగా, అవి పట్టుకొన్న చేతిలోనే ప్రేలగలవు.

తేలిక తుపాకి సంచికి సుఖము, చేతికి కష్టము. ప్రేల్చినప్పుడు వెనుకకు గట్టిగా తన్నును. మీ వ్రేలు మీటను పూర్తిగా నొక్కగలదో లేదో చూచుకొనకుండ కొనకుడు. క్రొత్తవారికి పిస్తోలు కంటె రివాల్వరు నయము. ఒక తూటా ప్రేలకున్నను మరల నొక్కిన మరియొకటి వచ్చును. బహిరంగ స్థలమున దానిని పూర్తిగా కప్పి, మన అదుపులో నుంచుకొని మోయవలెనని నియమమే గలదు. అయితే కప్పుట యెట్లు? చీర కుచ్చిళ్లకు తుపాకి బరువాగదు; రొంటిన దోపుకొన్న జారిపడును. కమీజు క్రింద నడుముపట్టీకి కట్టిన తోలు ఒర మేలైనది. సంచిలోనైనచో దానికి వేరొక అర యుండవలెను, మీటను కప్పు ఒరయు నుండవలెను. తాళపుచెవులు, చిల్లర, పిల్లల పెన్సిళ్ల నడుమ వేసినచో ఏది మీటకు తగులుకొనునో చెప్పలేము. మోటారుసైకిలుపై వచ్చి గొలుసులు తెంపువారు సంచులను గూడ లాగుకొనిపోవుదురు. అప్పుడు మీ ఆయుధము దొంగదగును.

2024 జూలై నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత ప్రాణభయము, అత్యాచార యత్నము, ఆమ్లదాడి వంటి వేళల ఎదిరి ప్రాణము తీయుటను గూడ ఆత్మరక్షణముగా నంగీకరించును. అక్కరకు మించిన హింసను అంగీకరింపదు. పారిపోవువాని వీపుపై కాల్చిన ఆ రక్షణ దొరకుట కష్టము. పెండ్లి బరాతులో బావమరది సరదాకు గాలిలోనికి కాల్చినను, 2019 సవరణ పిమ్మట రెండేండ్ల వరకు జైలు పడవచ్చును. కావున ఎరువు అడిగినవారికి ఎంత దగ్గరివారైనను ఇవ్వకుడు.

ఇంట తుపాకి ఒక తాళమున, తూటాలు వేరొక తాళమున నుండవలెను. ఆ చెవులు కొంగున ముడివేసికొనుట మంచిది కాదు, కొంగు పిల్లల ఆటవస్తువు. ఎన్నికలు వచ్చినప్పుడు ఆయుధమును ఠాణాలో అప్పగింపుమని ఉత్తరువు వచ్చుట పరిపాటి. దొంగలకు ఎన్నికల సెలవు లేదు గదా యని గొణుగుకొన్నను, తీసికొనిపోయి యిచ్చి, సంఖ్య సరిగా వ్రాసిన రసీదు చేత పట్టుకొనియే యింటికి రండు.