ముదిసిన బాతు – గ్రుడ్లు – మేత

బాతు గ్రుడ్లు మానినచో ఇంటివారు చింతింతురు. పెట్టుచున్నంత కాలము దాని మేతను గూర్చి తలపనైన తలపరు. మా యభిప్రాయమున ఇది తలక్రిందులైన విచారము. వయసు మీరిన బాతు గ్రుడ్లు మానుట భయపడదగినది కాదు. తగిన మేత లేకయే గ్రుడ్లు పెట్టుచుండుట భయపడదగినది.

1913వ సంవత్సరమున వెలసిన స్టూవర్టుపురములో ఒక యింట ఆరేండ్ల పెంపుడు బాతును మేము చూచితిమి. ఇంటి అవ్వ పిలిచినచో అది వెంట నడచును. కొన్ని నెలలు గ్రుడ్లు మాని, వేసవి ముందర మరల నాలుగైదు పెట్టెను. వానిలో రెండు పెంకు లేని తోలుగ్రుడ్లు. అటుపిమ్మట కుంటసాగెను. "మేత చాలక కాదయ్యా, పూటపూటకూ తవుడూ అన్నమూ కడుపునిండా పెడుతూనే ఉన్నా" అని అవ్వ చెప్పెను. ఆమె మాట నిజమే. లోపము మేత కొలతలో లేదు, మేత రకములో నున్నది.

లెక్క చూడుడు. బాతుగ్రుడ్డు సుమారు 70 గ్రాములు తూగును. అందు పదవ వంతు పెంకు. ఆ పెంకులో కాల్షియము 2 గ్రాములకు మించి యుండును. బాతు దినమునకు తిను 150 గ్రాముల మేత యంతయు తవుడు, నూకలు, అన్నమే యైనచో, అందు లభించు కాల్షియము గ్రాములో స్వల్పభాగమే. తవుటిలో మెండుగా నున్న భాస్వరము ఆ కొద్దిపాటి దానిని గూడ ఒంటబట్టనీయదు. తక్కినది ఎచ్చటనుండి వచ్చును? ఎముకల నుండియే. జమ లేక ఖర్చే వ్రాసిన పద్దు ఎన్నాళ్లు నిలుచునో సంఘ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఎముకలు డొల్లలగును, పెంకు పలుచనగును, కాళ్లు పట్టుదప్పును. ఒక్కొక్కప్పుడు గ్రుడ్డు లోపలనే అడ్డుపడి ప్రాణము తీయును.

కోతల పిదప బాతు రాలుగింజలతో పాటు నత్తలను, పురుగులను ఏరుకొని తినును. కాలువలు కట్టివేయు వేసవిలో ఆ మేత పోయి తవుడే మిగులును. అయినను పగటి వెలుతురు పెరుగుటచే గ్రుడ్లు పెట్టు ప్రేరణ మాత్రము హెచ్చును. ముసలి బాతునకు గండము ఈ కాలముననే.

చేయవలసిన పని కష్టమైనది కాదు. ఆలిచిప్పలను, నత్తగుల్లలను కడిగి, ఎండబెట్టి, నూకలంత పలుకులుగా దంచి వేరొక మూకుడులో నుంచవలెను. గ్రుడ్లు పెట్టు బాతు తనకు వలసినంత తినును, మానినది విడిచిపెట్టును. మేతలో కలిపి బలవంతముగా తినిపింపరాదు. పెట్టని బాతునకు అధిక కాల్షియము మూత్రపిండములకు చేటు. తాంబూలపు సున్నము పెట్టనే రాదు, అది నోటిని, ప్రేగులను పొక్కించును. అన్నము తగ్గించి చిన్నచేపలు, ఉడికించిన నత్తలు, మునగాకు, అజొల్లా చేర్చవలెను. పురుగుమందు చల్లిన చేలలోని నత్తలు వలదు. తల మునుగునంత లోతు నీరు ఎల్లప్పుడు ఉండవలెను.

బూజుపట్టిన వేరుసెనగ చెక్కను "పశువుకు పనికిరాదు, బాతుకు వేయుదము" అనుట మిక్కిలి ప్రమాదము. 1960లో ఇంగ్లండున అట్టి చెక్క తిని లక్షకు మించి టర్కీ కోడిపిల్లలు చచ్చెను. ఆ బూజు విషమే అఫ్లాటాక్సిను. దానికి బాతుపిల్లలు మిక్కిలి సులభముగా లోబడును.

"ముసలి బాతునకు ఇంత శ్రమ యేల, అమ్మివేయరాదా?" అని కొందరు అడుగుదురు. మేము వారిని తప్పుపట్టము. బాతు మొదటి రెండు మూడేండ్లు బాగుగా పెట్టును, పిదప ఏటేట తగ్గును. కాని బాగుగా చూచినచో పదేండ్లు దాటియు బ్రదుకును. ఆదాయమునకే పెంచువారు అది బలముగా నున్నప్పుడే అమ్ముకొందురు గాక. మమకారముచే ఉంచుకొనువారు దానికి తగినట్లు మేపుదురు గాక. తవుడు పోసి గ్రుడ్డు కోరు నడిమి త్రోవ మాత్రము ఇంటికిని మేలు కాదు, బాతునకును మేలు కాదు. ఈకలు రాల్చు కాలమున అది గ్రుడ్లు మానినచో మరల పెట్టించుటకు తొందరపడకుడు. అది దానికి విశ్రాంతి. పొట్ట ఉబ్బి, ముక్కుచు, గ్రుడ్డు రాక బాధపడుచున్నచో నాటువైద్యము చేయక వెంటనే పశువైద్యుని పిలువుడు.

ఆ అవ్వ ఇప్పుడు చిప్పలు దంచి పెట్టుచున్నది. బాతు కుంటు కొంత తగ్గినది, గ్రుడ్లు మాత్రము లేవు. మొన్న మేము ఆ మాట యెత్తగా ఆమె, "పెట్టకపోతేనేం బాబూ, నడుస్తోందిగా" అనెను. మేము చెప్పదలచినదియు నింతే.