మూడు రెక్కల మోజు

మా మేనల్లుడు చేసిన పలకకు మూడు రెక్కలున్నాయి. ఆ మూడూ దండగ అని నేనన్నందుకు ఇంటిల్లిపాదికీ కోపం వచ్చింది. వస్తే రానివ్వండి, నేను మాత్రం మాట వెనక్కి తీసుకోను.

పలకంటే బడిపలక కాదండోయ్! అల మీద నిలబడి ఒడ్డుదాకా జారుకుంటూ వచ్చే సర్ఫ్ బోర్డు. విశాఖలో పుట్టి, రోజూ సముద్రం చూస్తూ కూడా మోకాలి లోతు దాటని నేను, ఉద్యోగం పేరుతో సిడ్నీ చేరాక నలభయ్యో ఏట ఈ పిచ్చిలో పడ్డాను. కొనడానికి చెయ్యి రాక కారు షెడ్డులో సొంతంగా నాలుగు పలకలు చేశాను. నురుగు దిమ్మను చెక్కడం, దానికి గాజునార గుడ్డ పరిచి రెజిన్ పూయడం... దుమ్మూ, దురదా, మా ఆవిడ సణుగుడూ భరించగలిగితే అవన్నీ వచ్చేస్తాయి. చిక్కంతా పలక అడుగున, తోక దగ్గర బిగించే రెక్కతోనే. ఇక్కడివాళ్ళు ఫిన్ అంటారు.

అది లేకపోతే తోక పక్కకు జారిపోతుంది. పూర్వం హవాయిలో కొయ్య పలకలవాళ్ళు మలుపు తిరగాలంటే కాలు నీళ్ళలోకి దించేవారు. 1935లో టామ్ బ్లేక్ అనే ఆయన ఎవరో పారేసిన స్పీడుబోటు అడుగుపట్టీ తెచ్చి తన పలకకు తగిలించాడు. అప్పటినుంచీ చాలా ఏళ్ళు ఎక్కువమందికి ఒక్క రెక్కే. రెండు రెక్కల పలకలతో పేరుపొందిన మార్క్ రిచర్డ్స్ 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్ళు ప్రపంచ విజేత.

ఇక మూడు రెక్కల కథ. సైమన్ ఆండర్సన్ మా సిడ్నీ ఉత్తరాన ఉన్న నరబీన్ మనిషి. భారీ విగ్రహం. రెండు రెక్కల పలక ఆయన కింద పట్టు తప్పి జారుతూండేది. అందుకని 1980లో మధ్యన ఇంకో రెక్క పెట్టుకున్నాడు. 1981లో బెల్స్ బీచ్ పోటీ గెలిచేసరికి అందరూ ఆయన దారి పట్టారు. పట్టవలసిందే, గొప్ప ఆలోచన. కాని ఆయన తన రోగం చూసుకుని తన మందు తాను నూరుకున్నాడు. మనవాళ్ళు రోగమేమిటో తెలియకుండానే ఆయన చీటీ పట్టుకుని మందులషాపుకు పరిగెడుతున్నారు!

మావాడు చేసిందదే. "మావయ్యా, తోక నుంచి వెనక రెక్కకు 3½ అంగుళాలు, పక్కవాటికి 11" అంటూ కాగితం చూపించాడు. ఆ లెక్క ఆరడుగుల పొట్టి పలకది. వాడు చెక్కింది తొమ్మిదడుగులది. "ఒరేయ్, అంత పొడుగు పలకకు పక్క రెక్కలు ఇంకా ముందుకు రావాలిరా" అంటే వినడే! పోనీ కొలతలు కుదిరాయే అనుకోండి, పక్క రెక్కల ముందంచులు రవ్వంత లోపలికి తిరగాలి, కొసలు కాస్త బయటికి వాలాలి. ఎక్కువ తిప్పితే నీళ్ళు పట్టి లాగుతాయి. బొత్తిగా తిప్పకపోతే పలక మొండికేస్తుంది. మొదటిసారి నేనూ టేపును వంపు తిరిగిన అంచు వెంబడి పరిచి కొలిచాను. ఎడమది వేలెడు ముందుకు పోయింది. రెజిన్‌తో అతికించిన రెక్క కదలదు కదండీ, కోసి ఊడదీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

నేను చెప్పేది ఒకటే. మొదటి పలకకు ఒక్క రెక్క చాలు. అదికూడా అతికించకూడదు. అడుగున పొడవాటి గాడి ఉన్న పెట్టె దించి, మరతో బిగించాలి. పలక ఎన్ని అడుగులో రెక్క అన్ని అంగుళాలు, మొదలుపెట్టడానికి ఆ లెక్క సరిపోతుంది. వెనక్కి జరిపితే పలక నిలకడగా పోతుంది. ముందుకు జరిపితే సులువుగా తిరుగుతుంది. నచ్చకపోతే మర వదులు చేసి అరంగుళం జరుపుకోండి. కాగితం చెప్పనిది అలే చెబుతుంది. "ముసలాళ్ళ పద్ధతి" అని రేవులో కుర్రాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళలో సొంతంగా పలక చేసినవాడు ఒక్కడుంటే నా మీసం గీసుకుంటాను.

నా కోపం రెక్కల మీద కాదు. మావాడు రెండు నెలల సాయంత్రాలు ధారపోసి చేసుకున్న పలక ఎడ్లబండిలా తిన్నగా పోవడమే తప్ప తిరగనంది. మూడు ఆదివారాలు మునిగి తేలి, దాన్ని గోడకు ఆనించి, "నాకీ విద్య రాదులే మావయ్యా" అనేశాడు. తప్పు రెక్కది, నింద తనకు! ఇలా మానేసినవాళ్ళను నేను ఎంతమందిని చూశానో. అందుకే నలుగురిలోనూ "ఆ మూడూ దండగ" అన్నాను. ఆ సాయంత్రమే విశాఖనుంచి మా చెల్లెలు ఫోను: "వాడి మనసు విరిచేశావు అన్నయ్యా!"

నిన్న శనివారం పొద్దున్నే షెడ్డు తలుపు చప్పుడైంది. చూద్దును గదా, కోత మిషను పట్టుకుని మావాడు.

"ముందు ఏది కొయ్యమంటావు?" అన్నాడు ముభావంగా.

"ముందు ముక్కుకు గుడ్డ కట్టుకోరా" అన్నాను.