ఫైర్‌మన్‌కు కానిస్టేబుల్ పరీక్షా?

2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి భర్తీకి పెట్టిన ఉద్యోగాల్లో 610 ఫైర్‌మన్ పోస్టులున్నాయి. వాటికంటూ వేరే ప్రిలిమ్స్ లేదు. లాఠీ పట్టాలనుకున్నవాళ్లూ, ఫైరింజన్ ఎక్కాలనుకున్నవాళ్లూ అదే ప్రశ్నపత్రం రాశారు, ఆరు లక్షల మంది దాకా. అంకగణితం, రీజనింగ్, చరిత్ర, కరెంట్ అఫైర్స్ గట్టెక్కితే ‘ఈవెంట్స్’. మగవాళ్లయితే 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల ఇనుప గుండును 6 మీటర్ల దూరం విసరాలి. ఆపైన మళ్లీ రాతపరీక్ష.

అంతమందిని దాటుకుని రావడం సులువని ఎవరూ అనరు. అయితే ఆ కష్టమంతా వేరే ఉద్యోగానిది. నీళ్లు నిండిన హోస్ పైపు లాగించేది లేదు, నిచ్చెన ఎక్కించేది లేదు, చీకటి గదిలో పాకించేది లేదు. అయిదో అంతస్తు ఎత్తు నుంచి కిందికి చూస్తే అభ్యర్థికి కళ్లు తిరుగుతాయో లేదో శిక్షణకు వెళ్లాక గానీ బయటపడదు.

అమెరికాలో చాలా నగరాలు వాడే ‘సీపాట్’ పరీక్ష ఇందుకు పూర్తిగా భిన్నం. అగ్నిమాపక సిబ్బంది సంఘం, అధికారుల సంఘం కలిసి తయారుచేసుకున్నది. 50 పౌండ్ల, అంటే దాదాపు 23 కిలోల బరువున్న కోటు తొడుక్కుని ఎనిమిది పనులు వరుసగా 10 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. మెట్లెక్కేటప్పుడు భుజాల మీద మరో 25 పౌండ్లు. పైపు లాగడం, నిచ్చెన లేపడం, సుత్తితో బాది దారి చేసుకోవడం, చీకటి సొరంగంలో పాకడం, మనిషంత బరువున్న బొమ్మను ఈడ్చుకురావడం, అన్నీ మంట దగ్గర పడే పాట్లే. మార్కులుండవు, ర్యాంకులుండవు. పాసో, ఫెయిలో!

రాతపరీక్ష విషయంలో మాత్రం అమెరికా కూడా తప్పటడుగు వేసింది. న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 1999లో, 2002లో పెట్టిన పరీక్షల వల్ల నల్లజాతి, హిస్పానిక్ అభ్యర్థులు వెనకబడిపోయారని 2009లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ ప్రశ్నలకూ చేయాల్సిన పనికీ సంబంధముందని నగరపాలక సంస్థ నిరూపించలేకపోయింది. చివరికి 2014లో 9.8 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

పని ఎలాగూ శిక్షణలో నేర్పుతారు కదా అనేవాళ్లున్నారు. నిజమే, పైపు ముడి విప్పడం నేర్పొచ్చు. ఇరుకు చోటంటే ఊపిరాడనట్టయ్యే స్వభావాన్ని కొద్ది నెలల్లో మార్చడం అంత తేలిక కాదు. 2025 మేలో హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో అగ్నిప్రమాదం 17 మందిని పొట్టన పెట్టుకున్న ఇంటికి లోపలికెళ్లే దారే ఇరుకు. పాతబస్తీలో అలాంటి ఇళ్లకు కొదవలేదు.

లక్షల మందికి నిచ్చెన పరీక్ష పెట్టలేరు, ఒప్పుకోవాల్సిందే. వడపోతకు ప్రిలిమ్స్ ఉండనివ్వండి. ఈవెంట్స్ దాటి, ఫైర్‌మన్ పోస్టుకు ఆప్షన్ ఇచ్చినవాళ్లను మాత్రం ఒక పూట శిక్షణ కేంద్రానికి పిలిచి కోటు తొడిగించి, నిచ్చెన ఎక్కించి, చీకటి సొరంగంలోకి పంపి చూడొచ్చు. అందుకు కావాల్సిన సామాన్లన్నీ అగ్నిమాపక శాఖ దగ్గర ఉన్నవే. లేనిదల్లా నోటిఫికేషన్‌లో ఆ నాలుగు వాక్యాలే.